పురుగుల చదువు: గుంటూరు సీమ చరిత్ర

ఇంటిలోని కుర్రవాడు వైద్యము చదువుచున్నాడని చెప్పినచో ఇరుగుపొరుగువారు సంతోషింతురు. ఇంజనీరింగు అన్నను సంతోషింతురు. "మావాడు పురుగుల చదువు చదువుచున్నాడు" అని చెప్పినచో మాత్రము వినువారు ఒక్క క్షణము ఊరకుండి, "అదియు నొక చదువేనా?" అని అడుగుదురు. ఈ ప్రశ్న మరెక్కడ పుట్టినను పుట్టవచ్చును గాని, సత్తెనపల్లిలోను, నరసరావుపేటలోను, పర్చూరులోను పుట్టదగినది కాదు. ప్రత్తియు, మిరపయు పండు ఈ నల్లరేగడి సీమలో ఏ యింట పెండ్లి తలపెట్టినను, ఏ యింట పొలము అమ్మకమునకు వచ్చినను, ఆ మంచిచెడ్డల లెక్కలో పురుగునకు కూడ ఒక పద్దు ఉండనే ఉండును.

ఈ శాస్త్రము విశ్వవిద్యాలయ విద్యగా ఎట్లు రూపొందినది, మన ప్రాంతమునకు ఎట్లు చేరినది, అందులో ఏ భాగమును మనము ముందుగా నేర్చితిమి, ఏ భాగమును ఆలస్యముగా నేర్చితిమి, ఆ ఆలస్యమునకు ఎంత మూల్యము చెల్లించితిమి అను విషయములను శ్రోతల యెదుట ఉంచవలెనని మా ఉద్దేశము.

శాస్త్రము రాకముందు మనవారికి పురుగుల యెరుక లేదని తలచరాదు. పేరు పెట్టుటయే తెలియుటలో మొదటి మెట్టు. తొలకరి తరువాత ఆర్ద్ర కార్తెలో నేలపై కనబడు ఎర్రని పట్టువంటి ప్రాణికి ఆరుద్ర పురుగు అని పేరిడినవారు కాలమును, వానను, నేలను, ప్రాణిని ఒక్క మాటలో ముడివేసినవారే. దానికి ఎనిమిది కాళ్లుండుటచే శాస్త్రము దానిని కీటకముల పద్దులో వ్రాయదు; సాలీళ్ల బంధువుగా ఎంచును. అది వేరు సంగతి. మచ్చల రెక్కలు గల చిన్న పెంకుపురుగును అక్షింతల పురుగు అన్నారు. ఆకులపై జిగురు చిమ్ము సన్నని పురుగును పేనుబంక అన్నారు. గొల్లభామ, తూనీగ, కందిరీగ, కుమ్మరి పురుగు, మిణుగురు అను పేరులన్నియు చూచి పెట్టినవే కాని ఊహించి పెట్టినవి కావు. అయితే పేరునకును పైరునకును గల సంబంధమును, ఒక పురుగునకు మరియొక పురుగుతో గల లెక్కను పట్టికలుగా వ్రాసి నిలుపుట మాత్రము తరువాత కాలమున వచ్చిన పని.

ఆ పని తెలుగు నేలపై ఎవరు ఆరంభించిరని వెదకినచో పదునెనిమిదవ శతాబ్దిలోని ఇద్దరు వైద్యులు కనబడుదురు. మొదటివాడు యోహాన్ గెరార్డ్ కోనిగ్. ఈయన స్వీడను దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయసునకు శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చెను. మొక్కలను గూర్చి ఈయన చేసిన కృషి ప్రసిద్ధము. చెదపురుగుల జీవనమును గూర్చి 1779లో ఈయన ప్రకటించిన వ్యాసము అంతగా ప్రసిద్ధము కాదు. కాని భారతదేశపు కీటకముల నడవడిని గూర్చి కన్నులార చూచి వ్రాసిన తొలి రచనలలో అది యొకటి. ఈయన పంపిన కీటకములను చూచి ఐరోపాలో ఫాబ్రిసియస్ అను పండితుడు వానికి శాస్త్రనామములు కల్పించెను. మన ప్రత్తిచేలలో పగిలిన కాయలపై గుంపులుగా చేరు ఎర్రని నల్లిని రైతులందరు ఎరుగుదురు. 1775లో ఫాబ్రిసియస్ దానికి కోనిగ్ పేరే పెట్టెను. నేటికిని శాస్త్రజ్ఞులు దానిని డిస్‌డెర్కస్ కోనిగై అనియే పిలుతురు. కోనిగ్ 1785లో కాకినాడ దాపునగల జగన్నాథపురములో కన్నుమూసెను. అప్పుడు ఆయనకు శుశ్రూష చేసినవాడు సామర్లకోటలో వైద్యుడుగా నుండిన విలియం రాక్స్‌బర్గు. రెండవ వైద్యుడు ఈయనయే. లక్క పురుగు జీవితమును గూర్చి ఈయన వ్రాసిన వ్యాసము 1791లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఇట్లు కీటకశాస్త్రము మన తీరమున వైద్యుల విరామకాలపు వ్యాసంగముగా అడుగిడినది.

విరామకాలపు వ్యాసంగము వృత్తిగా మారుటకు మరి నూరేండ్లు పట్టెను. 1901లో భారత ప్రభుత్వము మొదటిసారి ఒక కీటకశాస్త్రజ్ఞుని నియమించెను. 1903లో ఆ పదవికి వచ్చిన మాక్స్‌వెల్ లెఫ్రాయ్, బీహారులోని పూసా పరిశోధనాలయమునుండి 1906లో భారతదేశపు పైరుల పురుగులను గూర్చియు, 1909లో భారతదేశపు కీటక జీవనమును గూర్చియు పెద్ద గ్రంథములను ప్రకటించెను. దక్షిణాన కోయంబత్తూరు వ్యవసాయ కళాశాల ఈ విద్యకు నిలయమయ్యెను. మదరాసు రాష్ట్రమున ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకములను గూర్చి వ్రాసిన గ్రంథమును, టి.వి. రామకృష్ణ అయ్యరు 1940లో వెలువరించిన ఆర్థిక కీటకశాస్త్ర దర్శినిని చాలకాలము విద్యార్థులు ఆధారముగా చేసికొనిరి. తెలుగు విద్యార్థి వ్యవసాయ పట్టము పొందవలెనన్న ఆ రోజులలో కోయంబత్తూరు పోవలసినదే.

ఆర్థిక కీటకశాస్త్రము అను పేరులోనే ఆనాటి దృష్టి బోధపడును. పైరునకు నష్టము చేయు పురుగు ఏది? ఎంత నష్టము చేయును? దానిని ఎట్లు అణచవలెను? ఇవే ప్రశ్నలు. అయినను అప్పటికి బలమైన మందులు లేకపోవుటచే ఆ తరమువారు పురుగు జీవితచరిత్రను శ్రద్ధగా చదువక తప్పలేదు. 1919లో మదరాసు రాష్ట్రము పైరుల పురుగులను, తెగుళ్లను అరికట్టుటకొక చట్టము చేసెను. దాని క్రింద కోయంబత్తూరు ప్రాంతమున ప్రత్తి మోళ్లను ఏటేట నిర్ణీత గడువులోపల పెరికివేయవలెనని ఉత్తరువు లిచ్చిరి. చేను కొంతకాలము ఖాళీగా ఉన్నచో పురుగునకు తిండి లేక దాని వంశము సన్నగిల్లునని వారి లెక్క. 1926లో దక్షిణ భారతమున నాగజెముడు పొదలపైకి ఇంద్రగోపపు జాతి పురుగును తెచ్చి వదలగా, మనుష్యులు గండ్రగొడ్డళ్లతో చేయలేని పనిని ఆ చిన్నప్రాణి చేసి చూపినది. పురుగును మిత్రునిగా నియోగించుటకు అది గొప్ప నిదర్శనము.

ఇక మన ప్రాంతము సంగతి. గుంటూరునకు ఉత్తరాన అమరావతి బాటలో గల లాం గ్రామమున 1922లో వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినది. సత్తెనపల్లి రైతునకు ప్రత్తి విత్తనమన్నను, మిరప విత్తనమన్నను లాం పేరు మొదట నోటికి వచ్చును. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల నెలకొల్పబడుటతో తెలుగు విద్యార్థికి కోయంబత్తూరు ప్రయాణము తప్పినది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడి ఆ కళాశాలను తనలో చేర్చుకొనెను. 1996లో ఆ విశ్వవిద్యాలయమునకు నిడుబ్రోలు వాస్తవ్యుడు, రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టిరి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట దాని ప్రధాన కార్యాలయము లాం గ్రామమునకే వచ్చినది. ఆ విధముగా పురుగుల చదువునకు గుంటూరు సీమయే రాజధాని అయినదనవచ్చును.

వ్యవసాయ కళాశాలలో చదివిన ప్రతివారికి జ్ఞాపకముండు వస్తువొకటి కలదు. అది కీటకముల పెట్టె. విద్యార్థి వలసంచి పట్టుకొని చేలవెంట, దీపపు స్తంభములవెంట తిరిగి పురుగులను పట్టి, ఎండబెట్టి, సూదికి గ్రుచ్చి, రెక్కలు సరిదిద్ది, క్రింద చిన్న కాగితముపై ఎక్కడ పట్టినది, ఏనాడు పట్టినది, ఏ మొక్కపై పట్టినది వ్రాసి, వర్గముల వారీగా అమర్చి ఉపాధ్యాయునకు చూపవలెను. చూచుటకిది పిల్లల ఆటవలె ఉండును. కాని ఆ చిన్న కాగితమే శాస్త్రమునకు ప్రాణము. ఊరు, తేదీ, మొక్క లేని పురుగు ఎంత అందముగా ఉన్నను శాస్త్రమునకు పనికిరాదు. ఆ మూడును ఉన్నచో అది నూరేండ్ల తరువాత కూడ సాక్ష్యము చెప్పగలదు.

బాపట్ల కళాశాల పుట్టిననాటికే ప్రపంచమున మరియొక మార్పు వచ్చియుండెను. 1939లో స్విట్జర్లండులో పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశక శక్తిని కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కారుచౌకగా దొరకి, తగిలిన పురుగునెల్ల చంపు మందు చేతికి వచ్చిన పిమ్మట పురుగు జీవితచరిత్రతో పని యేమి అను భావము లోకమంతటను వ్యాపించినది. కీటకశాస్త్రమన్న మందుల పట్టికయే అనిపించు రోజులు వచ్చినవి. దానికి ఎదురుగా మాట్లాడినవారు లేకపోలేదు. 1959లో కాలిఫోర్నియాలోని నలుగురు శాస్త్రజ్ఞులు సమగ్ర నియంత్రణము అను సిద్ధాంతమును ప్రతిపాదించిరి. పురుగు కనబడినంతనే మందు చల్లరాదు; అది చేయు నష్టము మందు ఖర్చును మించు స్థితికి వచ్చినప్పుడే చల్లవలెను; చల్లు మందు మిత్రకీటకములను బ్రతుకనీయవలెను; ఇది వారి బోధ. 1962లో రేచల్ కార్సన్ అను అమెరికన్ రచయిత్రి మందుల వలన పక్షులకును, చేపలకును, మనుష్యులకును కలుగు హానిని గూర్చి గ్రంథము వ్రాసి సామాన్య ప్రజలను సహితము ఆలోచింపజేసెను. ఈ మాటలు పుస్తకములలోనికి వచ్చినవి; పరీక్షాపత్రములలోనికి కూడ వచ్చినవి. చేనిగట్టుకు చేరుటకు మాత్రము చాల ఆలస్యమైనది.

ఇంతలో గుంటూరు సీమ రూపమే మారిపోయెను. పూర్వము ఈ భూములలో వానపై ఆధారపడి పొట్టిపింజ నాటుప్రత్తి పండెడిది. వర్తకులు దానిని కోకనాడ ప్రత్తి అనెడివారు. దిగుబడి తక్కువ, ధర తక్కువ. కాని అది ఆకును పీల్చు పురుగులను చాలవరకు ఓర్చుకొనెడిది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడినది. పొడుగుపింజ రకములును, 1970 తరువాత సంకర రకములును వచ్చినవి. ఎరువు వేసినకొలది ఏపుగా పెరిగి, నెలల తరబడి పచ్చగా నిలుచు ప్రత్తి వచ్చినది. రైతు చేతిలో డబ్బు ఆడినది. మేడలు లేచినవి, పిల్లలు పట్టణములకు చదువులకు పోయిరి. ప్రత్తిని తెల్ల బంగారమని పిలుచుట అబద్ధమేమియు కాదు.

కాని మనుష్యునకు ఇంపైనది పురుగునకును ఇంపుగా ఉండెను. ఊరినుండి ఊరి వరకు ఒకే పైరు, లేత ఆకు, ఎడతెగని తిండి. 1980 ప్రాంతమున పైరిత్రాయిడు మందులు ప్రత్తిచేలలోనికి వచ్చినవి. కొలది మందుతోనే కాయతొలుచు పురుగు రాలిపోవుట చూచి రైతు ఆశ్చర్యపడెను. ఏడాదిలో నాలుగుసార్లు చల్లువాడు ఎనిమిదిసార్లు, పదిసార్లు చల్లసాగెను. సలహా చెప్పువా రెవరు? వ్యవసాయాధికారి పదునైదు గ్రామములకు ఒకడు. మందుల దుకాణము ప్రతి సెంటరులోను కలదు. అప్పుగా మందిచ్చు దుకాణదారుడే ఏ మందు చల్లవలెనో చెప్పు గురువు కూడ అయ్యెను. అమ్మువాడే వైద్యుడైనచో రోగి గతి యేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

1984-85 పంటకాలమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిపై తెల్లదోమ విరుచుకుపడినది. ఇది కొత్త పురుగు కాదు. 1889లో గ్రీసు దేశమున పొగాకుపై దీనిని గుర్తించి పేరు పెట్టిరి. 1930 ప్రాంతమున పంజాబు ప్రత్తిపై ఇది చెలరేగినప్పుడు హుసేను, త్రెహను అను శాస్త్రజ్ఞులు దాని జీవితమంతయు పరిశీలించి వ్రాసియుండిరి. మన చేలలో కూడ ఇది ఎన్నడో ఉన్నదే. లెక్కకు రానంత తక్కువగా ఉన్నది. అటువంటి పురుగు ఒక్కసారిగా మేఘమువలె ఎందుకు లేచినది? చేనిలో నడచినచో ముక్కులోనికి, నోటిలోనికి పోవునంతగా ఎట్లు పెరిగినది?

ఇక్కడనే కీటక ఆవరణశాస్త్రము మాట్లాడవలసి వచ్చెను. తెల్లదోమ పిల్లలు ఆకు అడుగున అంటుకొని యుండును. పైన చల్లిన మందు వానికి సరిగా తగులదు. వాని దేహములో గ్రుడ్లు పెట్టి నశింపజేయు అతి చిన్న కందిరీగల జాతులు కలవు. వానిని తిను అక్షింతల పురుగులు, అల్లికరెక్కల పురుగులు, సాలీళ్లు కలవు. ఇవి ఆకుపైన, కొమ్మపైన తిరుగుచుండుటచే మందు ముందుగా వీనికే తగిలెను. కాయతొలుచు పురుగుపై గురిపెట్టిన తుపాకి కాపలావానిని కూల్చినట్లయ్యెను. కాపలా పోయిన యింట తెల్లదోమ రెండు, మూడు వారములకొక తరము చొప్పున పెరిగెను. అది విసర్జించు తీయని జిగురుపై నల్లని మసిబూజు పట్టి ఆకు ఊపిరాడక ఎండెను. విచ్చిన దూది మసిబారి ధర పడిపోయెను. రైతు భయపడి మరల మందు చల్లెను. చల్లినకొలది దోమ పెరిగెను.

దానివెంటనే 1987-88 సంవత్సరము వచ్చినది. ఈసారి శనగపచ్చ పురుగు వంతు. శాస్త్రజ్ఞులు దీనిని హెలికోవర్పా అందురు. ప్రత్తి, కంది, శనగ, టమాటా, మిరప, ఏదైనను దీనికి భోజనమే. ఒక తల్లిరెక్కలపురుగు వందలకొలది గ్రుడ్లు విడివిడిగా పెట్టును. రాత్రివేళ దూరప్రయాణములు చేయును. ప్యూపాదశలో నేలలో దాగును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో 1981 నవంబరులోనే ఈ పురుగు యాజమాన్యమును గూర్చి అంతర్జాతీయ గోష్ఠి జరిగినది. అనగా ఈ శత్రువును గూర్చిన విద్య మన రాష్ట్రములోనే, కొద్ది గంటల ప్రయాణ దూరమున, ఆరేండ్లకు ముందే చర్చకు వచ్చినదన్నమాట. అయినను ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఇరువది సార్లకు పైగా మందు చల్లిన ఉదంతములు కలవు. పురుగు చావలేదు. చేసిన అప్పు చావలేదు. కౌలుకు తీసికొన్నవారు కౌలును, మందును, వడ్డీని మూడింటిని మోయలేకపోయిరి. కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. ప్రత్తి రైతుల ఆత్మహత్యలను గూర్చి దేశము మొదటిసారి విన్నది మన జిల్లాల పేరులతోనే.

పురుగు ఎందుకు చావలేదు? కల్తీమందు అని కొందరనిరి. కల్తీ కూడ కొంత ఉండవచ్చును. కాని ముఖ్య కారణము వేరు. ఆంధ్రప్రదేశమునుండి సేకరించిన ఆ పురుగులను పరీక్షించి 1989లో ప్రకటించిన పరిశోధన, అవి పైరిత్రాయిడు మందులను తట్టుకొను శక్తిని సంపాదించినవని తేల్చినది. ఇందులో మాయ లేదు. వేయి పురుగులపై మందు చల్లినచో పుట్టుకతోనే ఓర్పు గలవి నాలుగైదు మిగులును. మందు లేని లోకమున ఆ నాలుగైదు తక్కినవానిలో కలిసిపోయి లెక్కకు రావు. మరల మరల అదే మందు చల్లినచో వాని సంతానమే చేనునిండ నిలుచును. రైతు తన చేతులతో, తన డబ్బుతో, మందుకు చావని పురుగు వంశమును విత్తనము కట్టినట్లు కట్టి పెంచెను. తప్పు రైతునది మాత్రమే యనుట న్యాయము కాదు. అతనికి మందు అందించిన వ్యవస్థ అతనికి లెక్క అందించలేదు.

ఆ లెక్క ఎట్టిదో కొంచెము చెప్పవలెను. ప్రత్తి ఆకునకు రెండు పచ్చదోమ పిల్లలు, ఎనిమిది లేక పది తెల్లదోమలు ఉన్నప్పుడే మందు గూర్చి ఆలోచింపవలెనని ప్రమాణములు కలవు. లింగాకర్షక బుట్టలలో గులాబీరంగు పురుగు రెక్కలపురుగులు రోజునకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు పడినచో హెచ్చరికగా ఎంచవలెను. ఇవి గాలిలోనుండి పుట్టిన అంకెలు కావు. ఎవరో కొందరు విద్యార్థులు, పరిశోధకులు ఎండలో వంగి, వేల ఆకులు త్రిప్పి, పిల్లలెన్ని, పెద్దలెన్ని, చచ్చినవెన్ని, చంపినదెవరు అని వ్రాసి, దిగుబడితో పోల్చి తేల్చిన అంకెలు. కీటక ఆవరణశాస్త్రమున పట్టము పొందుటయన్న ముఖ్యముగా ఈ విద్య నేర్చుటయే. సూక్ష్మదర్శినితో పని ఎంత కలదో, చేనిలో ఓర్పుతో పని అంత కలదు.

1988 దెబ్బ తరువాత పాఠము కొంత ఒంటబట్టినది. లాం క్షేత్రమునుండి తెల్లదోమను తట్టుకొను కాంచన రకము వచ్చినది. ప్రత్తిచేను అంచున ఆముదము, మధ్య బంతి, కంది వేయుట, పక్షులు వ్రాలుటకు కొయ్యలు పాతుట, వేపగింజల కషాయము, ట్రైకోగ్రామా అను గ్రుడ్డుపరాన్నజీవిని చేనిలో విడుచుట మున్నగునవి పరిశోధనాలయమునుండి పల్లెకు నడచినవి. రైతులే చేనిలో కూర్చుండి శత్రువులను, మిత్రులను లెక్కించు పొలంబడులు జరిగినవి. 2003-04 నాటికి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామమువారు రసాయన మందులు లేకుండనే ప్రత్తి పండించి తమ ఊరిని మందులులేని ఊరుగా ప్రకటించుకొనిరి. ఆ తరువాత మహిళా స్వయంసహాయక సంఘముల ద్వారా ఆ పద్ధతి రాష్ట్రమున అనేక గ్రామములకు ప్రాకెను. పట్టములేని స్త్రీలు ఆకు త్రిప్పి అల్లికరెక్కల పురుగు గ్రుడ్డును గుర్తుపట్టుట ఈ చరిత్రలో చిన్న విషయము కాదు. విశ్వవిద్యాలయపు విద్య చేరవలసిన చోటునకు చేరినదనుటకు అదియే గుర్తు.

అయితే ప్రపంచము మరల ఒక్క మందుతో తీరిపోవు ఉపాయమువైపే మొగ్గినది. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. శనగపచ్చ పురుగు పీడ చాల తగ్గినది. మందుల ఖర్చు కూడ కొన్నేండ్లు తగ్గినది. ఇది ఒప్పుకొనవలసిన మేలు. కాని 2010 నాటికే గుజరాతులో గులాబీరంగు పురుగు తొలి రకపు బీటీని ఓర్చుకొన్నట్లు వార్త వచ్చెను. తరువాత రెండు జన్యువుల బీటీని కూడ అది ఓర్చుకొనినది. మన చేలలో విచ్చని గుడ్డిపూలు మరల కనబడినవి. ఇప్పుడు శాస్త్రజ్ఞులిచ్చు సలహా యేమి? ప్రత్తిని కాలము మీరి ఉంచక ముగించుడు, మోళ్లు పెరికివేయుడు, చేను కొంతకాలము ఖాళీగా ఉంచుడు. 1919 నాటి చట్టము చెప్పినది సరిగా ఇదియే. పురుగు నడవడిపై ఆధారపడిన సలహా నూరేండ్లైనను పాతబడలేదు. పురుగు చావుపై మాత్రమే ఆధారపడిన ఉపాయము పదేండ్లకే పాతబడినది.

మిరప కథయు ఇట్టిదే. మిరప ఆకును పైకి ముడుచు తామరపురుగు మనకు చిరకాలపు శత్రువు. దక్షిణ భారతమునుండి వెళ్లిన నమూనాలను చూచి 1919లో హుడ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టెను. ఈ జాతి పురుగులు అంగుళములో ఇరువదవ వంతు కూడ ఉండవు. వానిని గుర్తుపట్టుట యన్నది ఒక జీవితకాలపు విద్య. మదరాసు లయోలా కళాశాలలో ఆచార్య టి.ఎన్. అనంతకృష్ణన్ అటువంటి జీవితమునే ఈ పురుగులకు ధారపోసి ప్రపంచ ప్రసిద్ధి పొందెను. "ఇంత చిన్నపురుగుపై ఇంత చదువెందుకు?" అని ఎవరైన అడిగియుందురేమో! జవాబు 2021లో వచ్చినది. ఆ ఏడు మన మిరపచేలలో పూవులలో దూరిన నల్లని తామరపురుగులు కనబడినవి. ఇది మన పాత పురుగు కాదు, ఆగ్నేయాసియా పురుగు, 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై మొదట గుర్తింపబడినది. పాతది లేత ఆకును కోరును, కొత్తది పూవును కోరును. పూత రాలిపోయి, ఎన్నో చోట్ల రైతులు మిరప మొక్కలను పెరికివేసిరి. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిరపయార్డున ఆ నష్టము మాటలలోను, ధరలలోను వినబడినది. రెండు తామరపురుగుల భేదము తెలియక పాత మందునే ఎడతెగక చల్లినవారు 1985 నాటి పాఠమును మరల మొదటినుండి చదువుకొనవలసి వచ్చెను. నీలిరంగు జిగురు అట్టలు, అంచున జొన్న, కాపలా పురుగులను బ్రతుకనిచ్చు మితమైన మందు, ఇవి నిదానముగా పనిచేయు ఉపాయములు. కాని పనిచేయునవి అవే.

కీటకములను కాపాడుట యను మాట రైతు చెవికి వింతగా ఉండవచ్చును. పైరు తిను పురుగును కాపాడుటయా? కాదు. భూమిపై మనుష్యుడు పేరిడిన కీటక జాతులు సుమారు పది లక్షలు. అందులో పైరునకు హాని చేయునవి మిక్కిలి స్వల్పము. తక్కినవి పూవులకు పుప్పొడి చేర్చునవి, పేడను, ఆకును కుళ్లజేసి నేలకు ఇచ్చునవి, పురుగులను తినునవి, పక్షులకును కప్పలకును ఆహారమగునవి. 2017లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్క ప్రకారము, అక్కడి రక్షిత ప్రదేశములలోనే ఇరువది యేడేండ్లలో ఎగిరెడు కీటకముల మొత్తపు బరువు నాలుగింట మూడు వంతులు తగ్గినది. ఆ లెక్క ఎట్లు సాధ్యమైనది? అక్కడ కొందరు ఔత్సాహికులు ఏండ్ల తరబడి ఒకే విధమైన వలలు కట్టి, పడిన పురుగులను తూచి వ్రాసి ఉంచుటచే సాధ్యమైనది. మన సత్తెనపల్లి చేలలో ముప్పదేండ్ల క్రిందట ఎన్ని తేనెటీగలు తిరిగెడివో, ఎన్ని తూనీగలు ఉండెడివో చెప్పుటకు అట్టి నిలువైన లెక్క ఉన్నచో ఎంత మేలై యుండెడిది!

ఈ విద్యను కోరు విద్యార్థికి త్రోవ స్పష్టముగనే కలదు. మన దేశమున సాధారణముగా వ్యవసాయశాస్త్రములో నాలుగేండ్ల పట్టము ముందు పొందవలెను; అందులో కీటకశాస్త్రము ఒక ముఖ్యభాగము. చివరి సంవత్సరమున విద్యార్థులు పల్లెలో ఉండి రైతులతో పనిచేయుదురు. పిమ్మట కీటకశాస్త్రములో ఎం.ఎస్సీ., ఆపైన డాక్టరు పట్టము. జంతుశాస్త్రము చదివినవారికిని వేరు మార్గము కలదు. బెంగుళూరులో వ్యవసాయ కీటక వనరుల జాతీయ సంస్థ కలదు. అక్కడ దేశపు కీటకముల నమూనాలు సూదులకు గ్రుచ్చి, ఊరు పేరుతో, తేదీతో భద్రపరచియున్నవి. నేర్వవలసినవి వర్గీకరణము, శరీరధర్మము, విషశాస్త్రము, గణితము, వీనియన్నిటిని కలుపు ఆవరణశాస్త్రము. ఈ చివరిదానిని పాఠ్యక్రమములో చివరి అధ్యాయముగా గాక మొదటి అధ్యాయముగా నేర్పవలెనని మన జిల్లాల చరిత్ర చెప్పుచున్నది. మందు పేరు తెలిసినవాడు దుకాణమున దొరకును. పురుగునకును పైరునకును, పురుగునకును పురుగునకును గల లెక్క తెలిసినవాడు మాత్రము విశ్వవిద్యాలయము తయారుచేసినగాని దొరకడు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న అనుభవము ఈ సీమకు రెండు మూడుసార్లు కలిగినది. ఇప్పుడు ఆకును ముందే త్రిప్పి చూచు అలవాటు కావలెను. ఆకు అడుగున ఏమున్నదో చూచి చెప్పగల యువతీయువకులు ప్రతి మండలమున నలుగురైనను ఉన్ననాడు, మందు కొనుటకు పోవు రైతు దుకాణమునకు ముందు వారి యింటి తలుపు తట్టును. కనుక మీ యింటిలోని బిడ్డ పురుగుల చదువు చదివెదనని అడిగినచో నవ్వకుడు. ఈ సీమ చెల్లించిన మూల్యము తెలిసిన పెద్దలుగా ఆ బిడ్డను ప్రోత్సహించి పంపుడు.